అపూర్ణమగు అన్నము

వంటను గూర్చి వ్రాసిన పుస్తకమొకటి చదువుడని చదువరులను కోరవలసివచ్చునని మేమెన్నడును తలంపలేదు. తిండిని గూర్చి పదిమందిలో మాటలాడుట హీనమని నేర్పిన యింట మేము పెరిగితిమి. విస్తరిముందు కూర్చున్న పిల్లవాడు కూర బాగున్నదనినను తప్పే, బాగులేదనినను తప్పే. "పెట్టినది తిని లెమ్ము" అనునది మా తాతగారి శాసనము. పప్పులో ఉప్పువేయ మఱచిన దినమున సయితము మా నాయనగారు పలుకక భుజించి, చేయి కడుగుకొని లేచెడివారు. ఆ నిగ్రహమునకు ఇంట అందఱును వారిని గౌరవించెడివారు. ఉప్పు మఱచిన మా తల్లి మాత్రము తాను భోజనమునకు కూర్చున్నపుడు సంగతి గ్రహించి, ఆ రాత్రియంతయు నొచ్చుకొనెడిది. ఒక్కమాట చెప్పియున్న ఆమె చిటికెడు ఉప్పు వేసియుండును. ఆ మౌనమువలన ఎవరికేమి మేలు కలిగెనో మాకు నేటికిని బోధపడలేదు.

ఇట్టి పెంపకము గలవారము గావున వంటపుస్తకముల జోలికి మేము పోయినవారము కాము. గడచిన వేసవిలో నొక ఆదివారమునాడు హైదరాబాదులో ఆబిడ్సునకు పోయి, మూసిన అంగళ్లముందు పరచియుంచిన పాతపుస్తకములలో భగవద్గీతకు పూర్వులు వ్రాసిన వ్యాఖ్యానమొకటి వెదకుచుంటిమి. వ్యాఖ్యానము దొరకలేదు. ఎండకు తాళలేక నీడగానున్న గుట్టయొద్ద కూర్చుండి, చేతికందిన పుస్తకమును తెఱచితిమి. ఎవరో కొని, కొంత చదివి, నడుమ బస్సుటిక్కెట్టు గుర్తుంచి, అమ్మివైచినది. తెఱచినచోట రక్తమును వండు విధము వ్రాయబడియుండెను. మూసివైచితిమి. మరల తెఱచితిమి. అమ్మువాడు మా సంశయమును కనిపెట్టి ధర తగ్గించెను. అట్లు వచ్చి చేరినది ఆ పుస్తకము.

దాని పేరు 'దళిత్ కిచెన్స్ ఆఫ్ మరాఠ్వాడా.' శాహూ పాటోళే అను మహారాష్ట్రుడు 2015వ సంవత్సరమున మరాఠీభాషలో ప్రకటించిన గ్రంథమునకు ఇది భూషణ్ కోర్గావ్‌కరుగారు చేసిన ఆంగ్లానువాదము, 2024లో అచ్చుపడినది. మరాఠీ మూలమునకు పేరు 'అన్న హే అపూర్ణ బ్రహ్మ.' మహారాష్ట్రమున పిల్లలకు ముద్ద నోటబెట్టుకొనుటకు ముందు అన్నము పూర్ణబ్రహ్మమని తలంపుమని నేర్పుదురు. పాటోళేగారు ఆ మాటముందు ఒక 'అ'కారమును చేర్చిరి. ఆ యొక్క యక్షరమే వారి వాదమంతయు. బ్రహ్మము సర్వవ్యాపియైన యెడల, మా యింటి కుండలోనికి ఏల రాలేదని వారి ప్రశ్న.

గ్రంథము మహారు, మాంగు అను రెండు కులములవారి వంటలను గూర్చినది. కొంత స్వానుభవము, కొంత చరిత్ర, కొంత పాకశాస్త్రము. మఱియొక విశేషము: ఇందలి వంటలలో నేయి లేదు, పాలు లేవు, నూనె సయితము లేదు. మనము చూచు పాకశాస్త్రములన్నియు కందిపప్పు, ఆవునేయి, పెరుగు ఇంట నున్నవనుకొని మొదలిడును. "తగినంత నేయి" యని వ్రాయువానికి, తగినంత యనగా కొందఱ యిండ్లలో శూన్యమని తోచదు. భూమి లేనివానికి పశువు లేదు; పశువు లేనివానికి పాడి లేదు. నువ్వులు, వేరుసెనగలు దంచిన పొడితో కూరకు చిక్కదనము తెచ్చుట, కాల్చిన ఉల్లితోను వెల్లుల్లితోను మిరపకాయతోను జొన్నరొట్టె తినుట, పొలముగట్లపై ఎవ్వరును విత్తకయే మొలచిన ఆకులను ఏరి వండుట, ఇవి ఆ దేశపు పేదల వంటయింటి విద్యలు. వీనిని నేర్పు గురువులకు బిరుదులు లేవు.

తిండిని గూర్చి ఆత్మకథలు వ్రాయుట పాశ్చాత్యదేశములలో చాలకాలముగా నున్న యాచారమే. అమెరికా దేశస్థురాలగు ఎం. ఎఫ్. కె. ఫిషరు 1943లో 'ది గాస్ట్రనామికల్ మీ' అను గ్రంథమును ప్రకటించినది. ఘనమైన విషయములుండగా తిండిని గూర్చి ఏల వ్రాసెదవని తన్నడిగినవారికి, మనుష్యునికి గల అన్నాపేక్షయు, ప్రేమాపేక్షయు, అభయాపేక్షయు విడదీయరాకుండ పెనవైచికొని యున్నవని ఆమె సమాధానము చెప్పినది. మంచి సమాధానమే. కాని ఆమె చెప్పు ఆకలి భోజనశాలలోనికి పోగలవాని ఆకలి. పాటోళేగారి గ్రంథమున ఆకలి వేఱు. అచ్చట అన్నము, ప్రేమ, అభయము అను మూడింటితోడను అవమానమను నాల్గవది కలిసియున్నది. తల్లి పెట్టినది ప్రేమతోనే. కాని తల్లికి అది లభించినది ఒకరి గడపముందు నిలుచుండి.

మరాఠ్వాడా మనకు పరాయిదేశము కాదు. 1948వరకు అది నిజాము రాజ్యములోనిదే; తెలంగాణముతో కలిసి హైదరాబాదు రాష్ట్రముగానుండి 1956లో విడిపోయినది. శాతవాహనుల ప్రతిష్ఠానపురము, నేటి పైఠణు, అచ్చటనే గోదావరి యొడ్డున నున్నది. వారు తిను జొన్నరొట్టె మన పశ్చిమ జిల్లాలవారు తినునదే. వారి అంబాడీ మన గోంగూరయే. ఆ గ్రంథమున 'చాన్యా' యని చెప్పబడిన ఎండుమాంసమును మనవైపు తునకలందురు. 'వజ్రీ' యనగా బోటి. రక్తముతో చేయు కూరను తెలంగాణమున నల్ల యందురు. ఈ మాటలలో ఏ యొక్కటియు మా యింటి నిఘంటువులో లేకుండెను. ఇన్ని సంవత్సరములుగా తెలుగు చదివితిమి, తెలుగు వ్రాసితిమి, తెలుగునకు సేవచేసితిమని సభలలో దండలు వేయించుకొంటిమి. తెలుగువారిలో లక్షలమంది ఇండ్లలో పలుకు మాటల అర్థమును ఒక మరాఠీవాని పుస్తకపు ఆంగ్లానువాదమునుబట్టి తెలిసికొంటిమి. ఇంతకంటె సిగ్గుపడవలసినది మఱియేమున్నది?

ఎండుమాంసము పుట్టుటకు కారణమును ఒక్కక్షణ మాలోచింపుడు. గ్రామమున ఎవరి ఎద్దు చచ్చినను దానిని లాగివైచు పని ఒక కులమువారిదని కట్టడి. దానికి కూలి లేదు. ఆ పశువుయొక్క మాంసమే కూలి. పశువు ఒకనాడు చచ్చును, మరల ఎన్నినెలలకో. ఆనాడు మాంసము మితిమీరి యుండును, మఱునాడు మొదలు ఏమియు నుండదు. కావున సన్నగా కోసి, ఎండబెట్టి, కుండలో దాచి, వానకాలమున పనిలేని దినములలో కొంచెము కొంచెముగా వండుకొనిరి. దానిని రుచియని గాని మోటుతనమని గాని అనుటకు ముందు అది ఇంటి యాడుదాని లెక్కయని గ్రహింపవలెను. మన యిండ్లలో వడియములు, అప్పడములు పెట్టుటయందున్న బుద్ధియే అందును ఉన్నది. మన వడియములకు మాత్రము శాస్త్రదోషము లేదు.

శాస్త్రమనగా గుర్తుకు వచ్చినది. మేము వెదకబోయిన గీతయందు పదునేడవ అధ్యాయమున ఆహారము మూడు విధములని చెప్పబడినది. రసము గలదియు, జిడ్డు గలదియు, నిలుకడగా నుండి మనస్సునకు హితమైనదియు సాత్త్వికులకు ప్రియము. జాము గడచి చల్లారినది, రుచి తొలగినది, కంపుగొట్టునది, ఒకరు తిని విడిచినది తామసులకు ప్రియము. మేము చిన్ననాటినుండి దీనిని వినుచు, మా విస్తరిలో నేయి పడినపుడెల్ల మా సత్త్వగుణమునకు లోలోన సంతసించినవారము. పాటోళేగారు ఈ విభాగమును తమ యింటి కుండయొద్ద నిలువబెట్టి ప్రశ్నించుచున్నారు. వారి ప్రశ్నను చదివిన పిమ్మట మేమును రెండు శాస్త్రములను ప్రక్కప్రక్కను పెట్టి చూచితిమి. మనుస్మృతి పదవ అధ్యాయమున, సేవచేయు శూద్రునికి తాము తినగా మిగిలిన అన్నమును, కట్టి విడిచిన బట్టలను ఈయవలెనని విధి కలదు. చండాలునికి పగిలిన పాత్రలో అన్నము పెట్టుమని కలదు. ఒక శాస్త్రము ఎంగిలి పెట్టుమనుచున్నది. మఱియొక శాస్త్రము ఎంగిలి ప్రియమైనవాడు తామసుడనుచున్నది. ఎంగిలి తప్ప మఱియొకటి దొరకనివానిని పట్టుకొని, నీకది ప్రియము గనుకనే నీ గుణమట్టిదని తీర్పు చెప్పుటలో గల న్యాయమేమి? ప్రియమను మాట ఎన్నుకొనుటకు రెండున్నచోటనే చెల్లును. ఒక్కటియే యున్నచోట దానికి ప్రియమని పేరుపెట్టువాడు తిన్నవాడు కాడు, చూచినవాడు.

గీతపై మాకుగల భక్తి తఱుగలేదు. ఆ శ్లోకములు తన భోజనమును తాను పరీక్షించుకొను సాధకునికి చెప్పినవని, పరుల కుండలోనికి తొంగిచూచుటకు కాదని, నేటికిని మా నమ్మకము. అయినను లోకమున వాడుక వేఱుగానున్నది. వాడుక యెంత విచిత్రమో చూడుడు: సంవత్సరము నిలువయుంచిన ఆవకాయను తామసమని తెలుగువాడెవ్వడైనను జాడీతోగూడ పాఱవైచెనా? ప్రొద్దున పెరుగుతో చద్దన్నము తినుట వేసవిలో ఆరోగ్యమని మనము చెప్పుకొందుము. పాలేరునకు పెట్టినది కూడ ఆ చద్దన్నమే; వానిపట్ల అది వాని గుణమునకు తగిన యాహారమయ్యెను. పలనాటి జొన్నకూటిని శ్రీనాథుడు పరిహసించినట్లు చాటువులు చెప్పుచున్నవి; సన్నబియ్యమునకు అలవాటుపడిన కవి అట్లు చేయవచ్చును. ఆ జొన్నలను దంచి వండి పెట్టిన యామె శ్రీనాథునిగూర్చి ఏమనుకొన్నదో చాటువు లేదు.

పరుల గుణమును వారి విస్తరినిబట్టి నిర్ణయించు ఈ యలవాటు పరకులములతో నాగలేదు. మా మేనత్తకు పదునాలుగవయేట వైధవ్యము ప్రాప్తించినది. ఆమె డెబ్బదియేండ్లు బ్రతికినది. దినమునకు ఒక్కపూట భోజనము. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, రాత్రి అటుకులో పండో. ఆమెకు మునగకాడ పులుసు ఇష్టమని మాకు ఆమె పోయిన తరువాత తెలిసినది. మునగకాడ వేడిచేయునని, రజోగుణమును పెంచునని ఆమెకు పెట్టెడివారు కారట. ఇంటిల్లిపాదికి ఆ పులుసు వండునది ఆమెయే. మా విస్తరులలో వడ్డించి, గిన్నె కడిగి బోరగిలవేసెడిది. ఆమె ముఖమున మేమెన్నడును దుఃఖమును చూడలేదు. చూడవలెనని చూడలేదనుట నిజము. సంస్కరణమునకు ఆద్యులగు వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపినపుడు, వారికి తగిలిన మొదటి దెబ్బయు వంటయింటికే తగిలినది. వంటవారు మానిరి, నీళ్లు మోయువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినీళ్లు మోసి వండిపెట్టిరని తెలుగుదేశమెల్ల ఎఱిగిన సంగతియే. వెలివేయుటకు మనవారెన్నుకొన్న ఆయుధము ఎల్లప్పుడును అన్నమే. పంక్తిలో కూర్చుండనీయకుండుట కత్తికంటె చౌక, కత్తివలెనే తెగును.

ఇచ్చట సంస్కర్తల పొరపాటును గూర్చియు ఒకమాట చెప్పక తప్పదు. మేమును ఆ కోవలోనివారమే. హరిజనవాడలకు పోయి, మాంసము మానుడు, కల్లు మానుడు, శుచిగానుండుడు, అపుడు మిమ్ములను దగ్గఱకు తీసికొందుమని ఉపన్యసించినవారు మనలో తక్కువమంది కారు. ఉద్దేశము మంచిదేయని చాలకాలము నమ్మితిమి. కాని ఆ మాటలోని షరతును గమనింపుడు. మనుష్యుడగుటకు ముందు మావలె తినుమని షరతు. 1927 మార్చిలో మహాడ్ పట్టణమున జరిగిన సభయందు అంబేద్కరుగారును చచ్చిన పశువు మాంసమును మానుడని, పరుల పాచి ముక్కలకు చేయిచాపకుడని తమవారికి బోధించిరి. మాట యొక్కటివలెనే కనబడును గాని రెంటికిని నడుమ ఆకాశమంత దూరము కలదు. తన యింటివారితో, ఈ కూలిని మనము తీసికొనరాదు, ఇది మన గౌరవమునకు లోటు అని చెప్పుట ఒకటి. గట్టుమీద నిలుచుండి, నీ కూడు నాకు రోతగానున్నది, మార్చుకొమ్మని చెప్పుట మఱియొకటి. అంబేద్కరుగారు తిరస్కరించినది ఆ మాంసము తమచేతికి వచ్చిన మార్గమును. మనము తిరస్కరించినది దానిని తిన్న మనుష్యుని.

ఇక్కడ మాకు గ్రంథకర్తతో కొంత వివాదమును కలదు. సాధుసంతుల పద్యములలో తిండిని గూర్చిన మాటలను పట్టుకొని వారు గట్టిగా నిలదీసినారు. నిలదీయుట తప్పుకాదు. అయినను ఆ పైఠణుననే ఏకనాథుడు తన పితరుల శ్రాద్ధమునకు వండిన వంటలను అంత్యజులకు పెట్టి బ్రాహ్మణుల యాగ్రహమునకు పాత్రుడయ్యెనను కథను మహారాష్ట్రులు నేటికిని చెప్పుకొందురు. పదునాఱవ శతాబ్దమున అది సామాన్యమైన సాహసము కాదు. ఇట్లని మేము మార్జినులో పెన్సిలుతో వ్రాసితిమి కూడ. రెండుదినముల తరువాత మరల చదివి, మా వ్రాతక్రింద మేమే ఇంకొకటి వ్రాసికొంటిమి: ఈ కథలో సయితము వండినవాడు ఏకనాథుడు, తిన్నవారు వారు. పెట్టువాడు గొప్పవాడగుచున్నాడు. ఆ తిన్నవారు తమ యింట ఏమి వండుకొనిరని కథ అడుగదు. వివాదము అంతటితో ముగియలేదు గాని, మా పక్షము బలహీనపడినదని ఒప్పుకొనుచున్నాము.

గ్రంథమును చదువుచుండగా మమ్ము మిక్కిలి బాధించిన ప్రశ్న వేఱొకటి. అవమానముతో వచ్చిన అన్నమును ప్రీతితో స్మరింపవచ్చునా? పాటోళేగారు ఆ వంటలను కేవలము పీడితుని ఫిర్యాదుగా వ్రాయలేదు. ఇష్టముతో వ్రాసిరి. ఏభాగము ఎట్లుడుకవలెనో, ఏది దేనితో కలిసిన బాగుండునో చెప్పునపుడు వంట తెలిసినవాని చేయి అందు కనబడును. మొదట మాకిది పొసగని సంగతివలె తోచినది. చెఱసాలనుండి విడుదలైనవాడు చెఱసాల కూటిని తలచి నోరూరించుకొనునా? కొంత ఆలోచించినమీదట మేము చేసికొన్న సమాధానమిది: పశువు వచ్చిన విధము పెత్తనదారులది, ఉప్పు, కారము, మంట, ఓపిక తల్లివి. తల్లి భాగమును గూడ పెత్తనదారుల ఖాతాలో వ్రాయుట ఆమెకు మనము చేయు రెండవ యన్యాయము. ఈ సమాధానముతో పూర్ణముగా తృప్తిపడితిమనలేము. ఏలయన, ఇట్టి కథలను మావంటివారు హాయిగా కుర్చీలో కూర్చుండి చదివి, ఆహా యెంత రుచియో యని మెచ్చుకొనుటలో కూడ ఒక దోషమున్నది. ఒకరి ఆకలి మఱియొకరికి వినోదమగుట ఎన్నడును మంచిది కాదు. మూలగ్రంథము వెలువడిన 2015లోనే మహారాష్ట్రమున ఎద్దులను, కోడెలను సయితము వధింపరాదని చట్టము అమలునకు వచ్చినది. పొరుగు రాష్ట్రమునుండి తెచ్చుకొన్న మాంసము ఇంటనుంచుకొనుటయే నేరమను భాగమును 2016 మేలో బొంబాయి హైకోర్టు కొట్టివేసినది, వధనిషేధము నిలిచినది. ఆ చట్టపు మంచిచెడ్డలు వేఱు. మేము చెప్పునది, ఆ గ్రంథమున వ్రాసిన వంటలలో కొన్ని ఇక కాగితముమీదనే మిగులవచ్చునని.

ఇంతవఱకు పుస్తకమును గూర్చి వ్రాసితిమి. మాయింట జరిగినది వ్రాయకున్న ఈ వ్యాసమునకు అర్థములేదు.

మాయింట వంటచేయు ఆమె వచ్చి ఎనిమిదేండ్లయినది. మెదకువైపు పల్లెనుండి వచ్చిన మనిషి. చేర్చుకొన్ననాడు మా గృహిణి ఆమెను ఒక్కటే యడిగినది: "మాంసం ముట్టుకుంటావా అమ్మా?" "లేదమ్మగారూ, మేం తినం" అని ఆమె బదులు చెప్పినది. కులమడుగలేదని మేము మురిసితిమి. మాది సంస్కారము గల యిల్లు. కులమడుగము, శుచి నడుగుదుము. ఆనాటి మా సంతోషము అట్టిది.

ఒక సాయంకాలము మేము ఈ గ్రంథమును తెలుగున చెప్పుచు మా గృహిణికిని మనుమరాలికిని వినిపించుచుంటిమి. ఆమె గడపయొద్ద కూర్చుండి చిక్కుడుకాయలు గిల్లుచు వినుచుండెను. మాంసమును దండెముమీద నారవేయు ఘట్టము వచ్చినది. ఆమె తలయెత్తకయే, "గట్ల ఉత్తగ ఆరేస్తే కాకులు ఎత్తుకపోతయ్ అయ్యగారూ. మా అమ్మ పైన ముండ్లకంప కప్పేది" అనెను.

ఎవ్వరమును పలుకలేదు. తాను చెప్పినదేమో ఆమెకు ఆ మౌనమునుబట్టి తెలిసినది. చిక్కుడుకాయలు ప్రక్కనబెట్టి పెరటిలోనికి పోయెను. ఆ రాత్రి గిన్నెల చప్పుడు వినబడలేదు. మఱునాడుదయమున వచ్చి, లోనికి రాక, వంటయింటి గడప కీవల నిలుచుండెను. ఎనిమిదేండ్లుగా ఆ గడపను దినమునకు నూఱుమాఱులు దాటిన మనిషి. మా గృహిణి ఒకింతసేపు చూచి, "నిలబడ్డావేం, పాలు పొంగుతున్నాయి, లోపలికి రా" అనెను. ఆమె వచ్చి పాలు దింపెను.

పాలు దిగినవి గాని ప్రశ్న దిగలేదు. ఆమె అబద్ధమాడినది, సత్యమే దైవమని నమ్మిన యింట ఎనిమిదేండ్లు అబద్ధముతో నున్నది. దీనిని ఎట్లెంచవలెను? జర్మనీ తత్త్వవేత్తయగు కాంటు 1797లో వ్రాసిన వ్యాసమున, హంతకుడు వచ్చి నీ మిత్రుడింట నున్నాడా యని యడిగినను అసత్యమాడరాదని వాదించెను. మన భారతమున కౌశికుడను తపస్వి, దొంగలడిగిన దారి నిజముగా చెప్పి, దాగినవారిని చంపించి, ఆ సత్యవాక్యమువలన నరకమునకు పోయెనని శ్రీకృష్ణుడు చెప్పిన కథ యున్నది. మేము చదువుకొన్నదినములలో కాంటు పక్షమువారము. నియమము సడలించిన ప్రతివాడును తనకు కావలసినంత సడలించుకొనునని మా భయము. ఆ భయము నేటికిని కొంత యున్నది. అయితే ఒక్కటి చూడుడు. మేము హంతకులము గాము, దొంగలము గాము, మర్యాదస్థులము. మా ప్రశ్నయు మర్యాదగానే అడుగబడినది. కాని దానికి నిజము చెప్పినయెడల ఆమెకు జీతము లేదు, పిల్లలకు బడి లేదు. శిక్షను వెనుకనుంచుకొని అడుగు ప్రశ్న ప్రశ్నకాదు. తీర్పునకు ముందు చేయు విచారణ. ఆ విచారణకు మాకధికారమెవరిచ్చిరి? ఆమె నోట వచ్చిన అసత్యమును మేము వెలయిచ్చి కొంటిమి, ఎనిమిదేండ్లు నెలనెలకు జీతముతోపాటు. సత్యహరిశ్చంద్రుడు వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరియయ్యెను. మేము చూచిన నాటకములలో రాజు ఆ సేవలోనున్నపుడు ఏమి తినెనని ఎవ్వరును చూపలేదు. చూపినయెడల ప్రేక్షకులలో సగము లేచిపోవుదురేమో.

అప్పటినుండి ఇంట కొంత మార్పు కలిగినది. కొంతయే. మా మనుమరాలు ఆమె యొద్ద కూర్చుండి నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నది: తునకలలో చింతచిగురు ఎపుడు వేయవలెనో, కరవు దినములలో గటకలోనికి ఏ యాకు వండిరో, ఏ యాకు తిన్న కడుపునొప్పి వచ్చునో. ఆమె మొదట ఒకటిరెండు మాటలు చెప్పి నవ్వి ఊరకుండెడిది. ఇపుడు తానే, "నిన్న చెప్పింది తప్పు రాసినవు బిడ్డా" యని దిద్దుచున్నది. మేము శాకాహారులమే, ఈ వయస్సున మారబోము, మారుమని ఎవ్వరును కోరలేదు. కాని క్రొత్తగా ఎవరినైన పనికి పెట్టుకొనునపుడు ఆ ప్రశ్న అడుగరాదని నిశ్చయించుకొంటిమి. మాయింటి పైవాటాను అద్దెకిచ్చునపుడు కూడ అడుగరాదని మనుమరాలు పట్టుబట్టినది. దానిపై మాకును మా గృహిణికిని ఇంకను ఏకాభిప్రాయము కుదురలేదు. వాసన మేడమెట్లు దిగివచ్చునని ఆమె వాదము. పైవాటా మూడునెలలుగా ఖాళీగానున్నది.

మొన్న రాత్రి భోజనమైన తరువాత మా గృహిణి అడిగినది: "ఆవిడ తన యింటికి మనలను పిలిస్తే వెళ్తామా?" వెళ్లుదుమంటిమి. "వెళ్లి అక్కడ తింటారా?" కొంచెము తడవుకొని, మాంసము తినలేము గాని జొన్నరొట్టె పెట్టిన తప్పక తిందుమంటిమి. ఆమె మా పళ్లెము తీయుచు, "అది ఆవిడ చేతిదే గదా, ఎనిమిదేళ్లుగా తింటూనే ఉన్నారు" అని నవ్వి లోనికి పోయినది.